ఫారంలో మనకు గడి ఏది?

అసెంబ్లీలో చర్చకు రాకుండా, గెజిట్‌లో అచ్చు కాకుండా ఒక చట్టం రైతుల మీద అమలవుతోంది. దానికి పేరు లేదు, నంబరు లేదు. మీ సేవలోనో, రైతు సేవా కేంద్రంలోనో, మన చేతిలో ఉన్న ఫోన్‌లోనో తెర మీద కనిపించే ఫారమే ఆ చట్టం. ఎవరు రైతు, ఎవరు కాదు అనేది ఇవాళ అదే తేలుస్తోంది. గడి పక్కన ఎర్ర చుక్క ఉంటే ఆ గడి నింపాల్సిందే. నింపకపోతే కింద ఉన్న బటన్ పనిచేయదు. ఎందుకు నింపలేకపోయామో చెప్పుకోవడానికి చోటు ఉండదు.

పీఎం కిసాన్ డబ్బుకు ఈ-కేవైసీ. పంట నమోదుకు ఈ-క్రాప్. కేంద్రం ఇస్తున్న గుర్తింపు సంఖ్యకు ఫార్మర్ రిజిస్ట్రీ. పత్తి అమ్ముకోవడానికి కపాస్ కిసాన్ యాప్. తెలంగాణలో భూమి తప్పులు దిద్దించుకోవాలంటే నిన్నటిదాకా ధరణి, ఇవాళ భూ భారతి. రెండెకరాలు సాగుచేసే మనిషి ఏడాదిలో తన పేరు, ఆధార్, సర్వే నంబరు, బ్యాంకు ఖాతా ఎన్నిసార్లు ఎక్కించుకోవాలో లెక్కవేస్తే, చేనుకు ఎరువు వేసిన సార్ల కన్నా ఇవే ఎక్కువ తేలతాయి.

కంప్యూటర్ వద్దని మేం అనడం లేదు. అడంగల్ నకలు కోసం, పహాణీ నకలు కోసం రోజుల తరబడి తిరిగిన వాళ్ళం మనం. అది ఫోన్‌లో కనిపిస్తుంటే ఎవరికి చేదు? డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంటే మధ్యలో కోతపెట్టే చేతులు తగ్గిన మాటా నిజమే. పాత ఆఫీసులు బంగారమని కూడా మేం చెప్పం. అక్కడి లంచాల మీద, తిప్పించుకోవడాల మీద మన సంఘం చేసిన ధర్నాలు తక్కువేమీ కావు. కానీ ఆ బల్ల అవతల ఒక మనిషి ఉండేవాడు. "అయ్యా, నా సంగతి ఈ కాగితంలో ఉన్నట్టు లేదు, వేరే ఉంది" అని ఒక మాట అనగలిగేవాళ్ళం. వినకపోతే పదిమందిమి కలిసి వెళ్ళి వినిపించేవాళ్ళం. తెర ముందు పదిమంది కాదు, వెయ్యిమంది నిలబడ్డా అది అడిగేది ఒక్కటే: సర్వే నంబరు ఎంటర్ చేయండి.

మా తగాదా యంత్రంతో కాదు. అందులో ఏ గడి ఉండాలి, ఏ గడి ఉండకూడదు అని రాజధానుల్లో కూర్చుని తీర్మానించిన వాళ్ళతో.

తిరస్కరించడానికి దరఖాస్తు ఏది?

2007లో కేంద్ర ప్రభుత్వమే ఒక జాతీయ రైతు విధానం ప్రకటించింది. స్వామినాథన్ అధ్యక్షతన పనిచేసిన జాతీయ రైతు కమిషన్ సిఫార్సుల మీద వచ్చింది అది. రైతు అనే మాటకు అందులో ఇచ్చిన అర్థంలో సొంత భూమి ఉన్నవాళ్ళతో పాటు కౌలుదారులు, పాలుకు చేసేవాళ్ళు, వ్యవసాయ కూలీలు, పశువులు, కోళ్ళు పెంచేవాళ్ళు, మత్స్యకారులు, తేనెటీగలు పెంచేవాళ్ళు కూడా ఉన్నారు. ఇది సంఘాలు చెప్పిన మాట కాదు, సర్కారు వారి సొంత కాగితం.

పన్నెండేళ్ళ తర్వాత, 2019 ఫిబ్రవరిలో పీఎం కిసాన్ మొదలుపెట్టినప్పుడు ఆ అర్థం ఎటుపోయిందో తెలియదు. ఏడాదికి ఆరు వేలు, మూడు విడతల్లో, భూమి తమ పేరున ఉన్న కుటుంబాలకు మాత్రమే. అంతకు ముందు ఏడాది మే నెలలో తెలంగాణలో మొదలైన రైతుబంధుదీ అదే తీరు. పాసుపుస్తకం ఉంటే సాగు చేయకపోయినా డబ్బు పడింది. చెమటోడ్చి కౌలు కట్టేవాడికి పైసా రాలేదు. కొత్తగా ఇస్తున్న రైతు గుర్తింపు సంఖ్య నమోదు కూడా భూమి రికార్డు నుంచే మొదలవుతుంది.

ఇక్కడ ఒక మోసం ఉంది, గమనించండి. కౌలు రైతు దరఖాస్తును ఎవరూ తిరస్కరించడం లేదు. తిరస్కరించాలంటే ముందు దరఖాస్తు ఉండాలి కదా. పాసుపుస్తకం నంబరు అడిగే మొదటి గడి దగ్గరే అతను ఆగిపోతాడు. ఫారం పూర్తికాదు, నంబరు పుట్టదు, లెక్కలోకి రాదు. రేపు ఎమ్మెల్యే అసెంబ్లీలో లేచి "ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని పరిష్కరించారు" అని అడిగితే మంత్రిగారు నూటికి తొంభై అయిదు శాతం పరిష్కరించామని తల ఎత్తుకుని చెప్పగలరు. అబద్ధం కూడా కాదు. ఫారంలో పట్టని వాళ్ళు ఆ నూరులో లేనే లేరు.

గడి తీసేస్తే మనిషి ఎలా మాయమవుతాడో తెలంగాణ రైతులు కళ్ళారా చూశారు. పాత పహాణీలో పట్టాదారు కాలమ్ పక్కన అనుభవదారు కాలమ్ ఉండేది. భూమి ఎవరి పేరున ఉంది అన్నది ఒక కాలమ్, దున్నుతున్నది ఎవరన్నది ఇంకో కాలమ్. ఆ రెండో కాలమ్‌లో పేరుంటే పేదవాడు కోర్టుకెళ్ళినా, బ్యాంకుకెళ్ళినా చూపించుకోవడానికి ఒక ఆధారం ఉండేది. భూరికార్డుల ప్రక్షాళన జరిగి, కొత్త పాసుపుస్తకాలు వచ్చి, 2020 అక్టోబరు 29న ధరణి మొదలయ్యేసరికి ఆ కాలమ్ లేదు. కౌలుదారులను రద్దు చేస్తున్నామని చట్టం చేసి ఉంటే రాష్ట్రం భగ్గుమనేది. కాలమ్ తీసేస్తే చాలామందికి తెలియనే లేదు, అప్పు కోసం బ్యాంకు మెట్లెక్కేదాకా.

ఆంధ్రప్రదేశ్‌లో గడి ఉంది, దాని పక్కన ఎర్ర చుక్కా ఉంది. 2011 చట్టం కింద రుణ అర్హత కార్డులన్నారు. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి సీసీఆర్సీ కార్డులన్నారు. ఆ కార్డుకు భూయజమాని సంతకం కావాలి. పెడితే భూమి పోతుందేమోనని యజమానికి భయం. గట్టిగా అడిగితే వచ్చే ఏడు పొలం ఇవ్వడేమోనని కౌలుదారుకు భయం. యజమాని హక్కుకు ఏ ముప్పూ లేదని చట్టంలో రాసి ఉన్నా ఆ మాట ఊళ్ళో ఎవరు నమ్ముతున్నారు? కార్డు లేని కౌలు రైతు పంట యజమాని పేరుతో ఈ-క్రాప్‌లోకి ఎక్కితే నష్టపరిహారమూ ఆయన ఖాతాకే పోతుంది. ఊళ్ళో ఏ చేను ఎవరు చేస్తున్నారో గట్టు పక్కవాణ్ణి అడిగితే చెబుతాడు. పాత రోజుల్లో పహాణీ అజమాయిషీ అంటే అదే కదా, చేలో నిలబడి, దున్నేవాణ్ణి చూసి రాసుకోవడం. ఫోన్‌తో చేనుకు ఫొటో తీసి ఉపగ్రహం కొలతలు పెట్టేంత తెలివి వచ్చింది కానీ, ఆ ఫొటోలో చేను మధ్య నిలబడ్డ మనిషి ఎవరని అడిగే గడి రాలేదు.

ఆడవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. పొలంలో పని ఆమెది, పట్టా అతనిది. అతను చనిపోతే, అందులోనూ అప్పుల పాలై ప్రాణం తీసుకుంటే, ఆమె నెత్తిన సాగుతో పాటు ఈ ఫారాలూ పడతాయి. పట్టాదారు మొబైల్‌కు ఓటీపీ పంపామని తెర మీద వస్తుంది. రీఛార్జి లేక ఆగిపోయిన, చచ్చిపోయిన మనిషి నంబరుకు.

పేరులో అక్షరం

మన దగ్గర ఇంటిపేరు ముందు, పేరు వెనక. ఫారం తయారుచేసిన వాళ్ళ దేశంలో పేరు ముందు, ఇంటిపేరు వెనక. పాసుపుస్తకంలో ఇంటిపేరు మొత్తం ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో అసలే ఉండదు. పైగా ఇంగ్లీషు స్పెల్లింగు. వెంకటేశ్వర్లు అనే పేరును ఒక గుమాస్తా ఎస్ పెట్టి రాస్తాడు, ఇంకొకడు ఎస్ పక్కన హెచ్ చేరుస్తాడు. సుబ్బమ్మకు ఒక చోట ఒక బి, ఇంకో చోట రెండు బిలు. మూడూ మన మనుషులే రాసిచ్చిన కాగితాలు, మూడింట్లోనూ ముద్ర ప్రభుత్వానిదే. సరిపోలలేదంటే శిక్ష మాత్రం రైతుకు. తెలుగులో పేరు ఎలా ఉందో చూసి పోల్చుకుంటే ఈ గొడవలో సగం ఉండదు. తెలుగు రాష్ట్రాల రైతుల పేర్లను ఇంగ్లీషు అక్షరాలతో తూకం వేయడమేమిటని అడిగే అధికారి ఒక్కడూ లేడా?

వేలిముద్రల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. పత్తి ఏరిన వేళ్ళు, మిరప కోసిన వేళ్ళు, యూరియా చల్లిన వేళ్ళు. అరిగిపోయిన వేలిని యంత్రం గుర్తించదు. దీనికి విరుగుడుగా పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపించి ఈ-కేవైసీ చేసుకునే పద్ధతి 2023 జూన్‌లో పెట్టారు. మంచిదే. కళ్ళు ఆర్పమంటుంది. ఆర్పలేని వాళ్ళ సంగతేమిటన్న ప్రశ్న మీద యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివాళ్ళు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్ 30న కోర్టు తీర్పు చెబుతూ, డిజిటల్ సేవలు అందుకునే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని తేల్చింది. కేవైసీకి కాగితం దారి కూడా ఉండాలని ఆదేశించింది. అది వికలాంగుల కేసులో వచ్చిన తీర్పు. కానీ దాని వెనక ఉన్న న్యాయం మనకూ వర్తిస్తుంది. యంత్రం గుర్తుపట్టనంత మాత్రాన మనిషి లేకుండా పోడు.

తప్పు మాడ్యూల్

ధరణిలో ముప్పైకి పైగా మాడ్యూళ్ళు ఉండేవి. విస్తీర్ణం తప్పు పడితే ఒకటి, నిషేధిత జాబితాలో పడితే ఒకటి, వారసత్వానికి ఒకటి. తన బాధ ఏ మాడ్యూల్‌లోకి వస్తుందో రైతే కనిపెట్టాలి. తప్పు దాంట్లో పెడితే ఫీజు పోయింది, నెలలు పోయాయి, చివరికి "తిరస్కరించబడినది" అన్న ఒక్క ముక్క. రోగం ఏమిటో రోగే తేల్చుకుని రావాలన్నమాట, డాక్టరు మందు చీటీ మాత్రం రాస్తాడు.

నాలుగున్నరేళ్ళు ఇలా నడిచాక 2025 ఏప్రిల్ 14న భూ భారతి వచ్చింది. ఆ జూన్‌లో ఊళ్ళల్లో రెవెన్యూ సదస్సులు పెట్టి, బల్ల వేసి, కాగితం మీద దరఖాస్తులు తీసుకున్నారు. మూడు వారాలు కూడా పట్టలేదు, సుమారు ఎనిమిది లక్షలు వచ్చి పడ్డాయి. ఈ అంకె దగ్గర కాసేపు ఆగండి. ఇన్ని లక్షల మంది బాధ ఒక్క జూన్ నెలలో పుట్టిందా? ఏళ్ళ తరబడి గొంతులోనే ఉండిపోయింది. తెలుగు కాగితం, ఎదురుగా ఒక మనిషి, సొంత ఊరు. ఇవి మూడూ దొరికేసరికి బయటికి వచ్చింది. వాటిలో ఎన్ని న్యాయంగా తేలాయన్నది వేరే పోరాటం, దాన్ని వదలడం లేదు. ఆన్‌లైన్ పెట్టాక ఫిర్యాదులు తగ్గాయని చెప్పే అధికారులకు మాత్రం ఈ ఒక్క అంకె చాలు జవాబు.

దళారికి ఓటీపీ అక్కర్లేదు

2025-26 సీజన్‌కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలు రూ. 8,110. సీసీఐకి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో ఆధార్‌తో, మొబైల్ ఓటీపీతో నమోదు కావాలి, తర్వాత స్లాట్ బుక్ చేసుకోవాలి. తేమ 8 శాతం దాటితే ధరలో కోత, 12 దాటితే కొనరు. అక్టోబరు 28న మొంథా తుపాను తీరం దాటింది. చేలో పత్తి తడిసి ముద్దయింది. ఆ స్లాట్ తేదీకి వాన తెలుసా? ఆరబెట్టుకోవడానికి నాలుగు ఎండలు కావాలని రాయడానికి అందులో గడి ఉందా? తెలంగాణలో ఎకరానికి ఏడు క్వింటాళ్ళే కొంటామన్న పరిమితి దీనికి తోడు. చదువుకున్న కొడుకు ఇంట్లో ఉన్నవాడు తిప్పలు పడి నెట్టుకొచ్చాడు. లేనివాడు ఏం చేశాడో అందరికీ తెలుసు. ఊరి చివర కాటా పెట్టుకున్న దళారి ఓటీపీ అడగడు, స్లాట్ అడగడు, పాసుపుస్తకం అడగడు. మద్దతు ధర కన్నా తక్కువిచ్చి అప్పటికప్పుడు తూకం వేసుకుంటాడు. మద్దతు ధరను కాగితం మీద ఎత్తివేయాల్సిన పని ఏ ప్రభుత్వానికీ లేదు. దాని ముందు ఒక యాప్ కట్టేస్తే సరిపోతుంది.

పంటల బీమాలోనూ ఇదే. ఫసల్ బీమా అమల్లో ఉన్నచోట వడగళ్ళకో, ముంపుకో ఒక్క చేను దెబ్బతింటే 72 గంటల్లో తెలియజేయాలి. యాప్ ఉంది, 14447 నంబరు ఉంది. తుపాను వచ్చిన మూడు రోజులూ కరెంటు ఉండదు, టవర్ ఉండదు. గడువు మాత్రం ఆ మూడు రోజులే. రైతు ఆలస్యం చేశాడని రాసుకోవడానికి కంపెనీకి ఇంతకన్నా ఏం కావాలి?

లింకు నొక్కు, లింకు నొక్కకు

ఫారం దగ్గరికి తీసుకెళ్ళే దారి లింకు. దాని గురించి మన సభ్యులు ముఖ్యంగా చదవాల్సింది ఇక్కడుంది.

ఒక వైపు మెసేజ్: మీ ఈ-కేవైసీ పూర్తి కాలేదు, ఈ లింకు నొక్కండి, లేదంటే విడత ఆగిపోతుంది. ఇంకో వైపు పోలీసువారి పోస్టరు: తెలియని లింకులు నొక్కవద్దు. రెండూ ప్రభుత్వానివే. గడువు అయిపోతోందని బెదిరించి లింకు నొక్కించే అలవాటు మనకు నేర్పింది ఎవరు? దొంగ కొత్తగా ఏమీ కనిపెట్టలేదు, సర్కారు వారి మెసేజ్‌ను చూసి రాసుకున్నాడు. పీఎం కిసాన్ పేరుతో, ప్రధాని బొమ్మతో ఏపీకే ఫైళ్ళు వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. అది ఫోన్‌లో ఎక్కితే మనకు వచ్చే ఓటీపీలు వాడు చదువుతాడు, ఖాతా ఊడ్చేస్తాడు. ఆ తర్వాత మన ఫోన్ నుంచే మన ఊరి గ్రూపుకు అదే ఫైలు పంపుతాడు. పంపింది మనవాడే కదా అని పక్కవాడూ నొక్కుతాడు. సొమ్ము పోయాక "అవగాహన లేక మోసపోయాడు" అని వార్త. అవగాహన లేనిది రైతుకు కాదు, బతుకుదెరువు డబ్బును మెసేజ్‌లోని లింకుకు కట్టేసిన వాళ్ళకు.

అప్పటిదాకా మనం చేయాల్సినవి చేద్దాం. ఏపీకే అన్న మూడక్షరాలతో ముగిసే ఫైలు ఎవరు పంపినా, సొంత తమ్ముడు పంపినా తెరవకండి. ప్రభుత్వ సైటు చిరునామా చూసేటప్పుడు అందులో పీఎం కిసాన్ అన్న మాట ఉందా అని చూడటం కాదు, ఆ మాట ఎవడైనా పెట్టుకోవచ్చు. మొదట్లో ఉండే జంట అడ్డగీతలు దాటాక వచ్చే మొదటి అడ్డగీతకు సరిగ్గా ముందు డాట్ జీవోవీ డాట్ ఇన్ అనిగానీ, డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్ అనిగానీ ఉందా అని చూడాలి. డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే 1930కి ఫోన్ చేయండి. సిగ్గుపడి రెండు రోజులు దాచుకుంటే డబ్బు చేతులు మారిపోతుంది.

దొంగ లింకులే కాదు, అసలు లింకులూ ముంచుతాయి. పీఎం కిసాన్ సైటులో ఈ-కేవైసీ, కొత్త నమోదు లింకుల వరసలోనే "ప్రయోజనాన్ని స్వచ్ఛందంగా వదులుకోవడం" అని ఒకటి పెట్టారు. రైతు తరఫున నొక్కేది మీ సేవలోనో ఇంకో కేంద్రంలోనో కూర్చున్న కుర్రవాడు. వెనక పాతికమంది వరస, చదివే తీరిక ఎక్కడిది? పొరపాటున వదులుకున్న వాళ్ళు మళ్ళీ వెనక్కి రావడానికి ఆ సైటులోనే వేరే ఏర్పాటు చేయాల్సి వచ్చింది. ఏడాదికి ఆరు వేలు వచ్చే పేదవాడికి దాన్ని వదులుకునే దారి అంత దగ్గరలో, అంత సులువుగా ఎవరు అడిగితే పెట్టారు? అదే సైటులో, "నేను కౌలు రైతును, నాకూ ఇవ్వండి" అనే లింకు వెతకండి చూద్దాం.

ఆ కేంద్రంలోని కుర్రవాడితో మనకు పేచీ లేదు, అతనూ మన ఊరి బిడ్డే. కానీ రైతు దగ్గర ఫోన్ లేదని తన సొంత నంబరు ఎక్కించేస్తే రేపటి ఓటీపీలన్నీ అతనికి వెళతాయి. వాళ్ళింట్లో వాళ్ళదో, మన యూనియన్ నాయకుడిదో అయినా అంతే. ఎవరి నంబరు ఎక్కిందో అడిగి కాగితం మీద రాయించుకోండి.

ఒప్పుకోలు ఎవరిది?

ఫార్మర్ రిజిస్ట్రీ అన్నది అగ్రిస్టాక్ అనే పెద్ద కట్టడంలో ఒక ఇటుక. రైతు ఎవరు, భూమి ఎంత, ఏ పంట, ఎంత అప్పు అన్నీ ఒక్క చోట చేర్చే పని. 2021 ఏప్రిల్‌లో కేంద్ర వ్యవసాయ శాఖ ఆరు రాష్ట్రాల్లో వంద గ్రామాల కోసం మైక్రోసాఫ్ట్‌తో ఒప్పందం చేసుకుంది, ఆ ఆరింట్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ గ్రామాల రైతులను ముందు అడిగారా అని దేశంలోని రైతు సంఘాలు, పౌరసంఘాలు అప్పుడే నిలదీశాయి.

ఇప్పుడు ఫారం చివర "నేను అంగీకరిస్తున్నాను" అన్న చిన్న గడి ఉంటుంది. టిక్కు పెట్టకపోతే ముందుకు పోనివ్వదు. ఒప్పుకోకపోతే విడత ఆగిపోయే దాన్ని ఒప్పుకోలు అంటారా? 2023లో చేసిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, సమ్మతి అడిగేటప్పుడు ఇచ్చే నోటీసును ఇంగ్లీషులోగానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోగానీ చూసుకునే వీలు ఉండాలి. అందులో తెలుగు ఉంది. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవడం కూడా ఇచ్చినంత సులువుగా ఉండాలి. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమలు చేస్తామన్నారు. సబ్సిడీలు, ప్రయోజనాలు ఇచ్చే పనికి మాత్రం ఏడో సెక్షన్ కింద ప్రభుత్వం తనకు వెసులుబాటు పెట్టుకుంది. మన వివరాలు ఎక్కువగా పోయేది ఆ దారినే కదా. విత్తనాల కంపెనీకి, మందుల కంపెనీకి, అప్పులిచ్చే ఫైనాన్సు కంపెనీకి ఏ ఊళ్ళో ఎవడికి ఎంత అవసరం ఉందో తెలిస్తే బేరం ఎవరి చేతిలో ఉంటుందో రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మన అభిప్రాయం అడిగే పద్ధతీ ఇంతే. 2025 విత్తన బిల్లు ముసాయిదాను నవంబరులో పెట్టి, డిసెంబరు 11లోగా అభిప్రాయాలు పంపమన్నారు. వరి కోతలు, పత్తి ఏరివేత, రబీ నాట్ల పనులు ఒక్కసారే మీద పడ్డ రోజులు అవి. 2020లో పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ముసాయిదా ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటే, జూన్ 30న ఢిల్లీ హైకోర్టు దాన్ని ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకి తర్జుమా చేయించమని ఆదేశించి, గడువు పొడిగించింది. కోర్టు చెబితే తప్ప మన భాష గుర్తుకు రాదు. మనకు ఆరు వేలు ఇచ్చేటప్పుడు అరవై ప్రశ్నలు, మన విత్తనం మీద చట్టం చేసేటప్పుడు ఒక ఈ-మెయిల్ చిరునామా.

అందుకే మన సంఘం డిమాండ్ చేస్తున్నది గాలిలో మాట కాదు, ఫారంలో దిద్దగలిగినది. ప్రతి ఫారంలో సాగుదారు అనే కాలమ్ పట్టాదారు కాలమ్ పక్కన పెట్టాలి. యజమాని సంతకం లేకపోతే గ్రామసభ నిర్ధారణ చాలనాలి. ఏ పథకానికైనా ఊళ్ళోనే తెలుగు కాగితం మీద దరఖాస్తు తీసుకుని, తేదీ, ముద్ర ఉన్న రసీదు ఇవ్వాలి. ఆన్‌లైన్ దరఖాస్తుకు ఉన్న విలువే దానికీ ఉండాలి. మొదటి గడి దగ్గర ఆగిపోయిన వాళ్ళ లెక్క కూడా రాయాలి. తిరస్కరిస్తే కారణం తెలుగులో, అధికారి పేరుతో చెప్పాలి. తుపాను హెచ్చరిక ఉన్న జిల్లాల్లో 72 గంటల లెక్క కరెంటు వచ్చిన రోజు నుంచి మొదలవ్వాలి. మెసేజ్‌లలో లింకులు పంపడం ప్రభుత్వం పూర్తిగా మానాలి. చెప్పాల్సింది ఉంటే రైతు సేవా కేంద్రం బోర్డు మీద రాయండి, ఊళ్ళో దండోరా వేయించండి.

దీనికి ఆధారాలు కావాలి, అవి మన దగ్గరే ఉన్నాయి. వచ్చే మండల కమిటీ సమావేశానికి ప్రతి గ్రామ శాఖ తన ఊళ్ళో ఫారం దగ్గర ఆగిపోయిన వాళ్ళ పేర్లు రాసి తేవాలి. ఏ పథకం, ఏ తేదీ, ఏ గడి దగ్గర ఆగింది, తెర మీద ఏమని వచ్చింది, ఆ పని కోసం ఎన్నిసార్లు తిరిగారు, ఎంత ఖర్చయింది. తెర మీద వచ్చిన మాటను ఫొటో తీసి ఉంటే అదీ తెండి. పాసుపుస్తకం లేని కౌలుదారుల పేర్లు ముందు రాయండి, ఒంటరి మహిళల పేర్లు తర్వాత. రాయడం రానివాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ మాటల్లోనే రాసిపెట్టండి. ఆ కట్టలన్నీ కలిపి ఒక సోమవారం కలెక్టరేట్‌కు పట్టుకెళ్దాం. ఆధార్ నంబరు చివరి నాలుగు అంకెలు రాస్తే చాలు. ఓటీపీ మాత్రం మన సంఘం వాళ్ళు అడిగినా చెప్పకండి.